గిటార్‌కు ‘పాతదనం’ చేయించే ముందు నా బాస్ గిటార్ సంగతి చదవండి

హైదరాబాద్‌లో ఎవరైనా తమ గిటార్‌ను కృత్రిమంగా పాతదానిలా మార్పించుకోవాలనుకుంటే, అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదవండి. నేను ఇచ్చేశాక తెలుసుకున్నాను. పద్నాలుగు వేల రూపాయలు, ఒక మంచి పికప్ (తీగల కదలికను విద్యుత్తుగా మార్చే భాగం), ఒక నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి భాగం) మీది పాలిష్ పోయాయి. ఏడాది ఆదివారాల కష్టం కూడా దాదాపు పోయినట్టే.

బాస్‌ను, అంటే మంద్ర స్వరాలు పలికే నాలుగు తీగల గిటార్‌ను, నేనే తయారు చేసుకున్నాను. మహాగని పలక తెచ్చి, తెలిసిన వడ్రంగి దగ్గర ఆకారం కోయించి, అంచులు బాల్కనీలో కూర్చుని చేత్తో రుద్దుకున్నాను. నమూనా కొత్తదేమీ కాదు. 1951లో అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బాస్ పోలికే: 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), 1957లో దానికి వచ్చిన, రెండు ముక్కలుగా విడిపోయి ఉండే పికప్. మేపుల్ నెక్ మాత్రం బయటి నుంచి తెప్పించాను. అన్నీ బిగించి, నాలుగు తీగలూ కట్టి వాయిస్తే శబ్దం బాగుంది. రంగు ఒక్కటే మిగిలింది. తెలుపు వేయించి, అది ఏళ్ల తరబడి మీగడ రంగులోకి తిరిగినట్టు, అక్కడక్కడ సన్నని పగుళ్లతో కనిపించాలని నా ఆశ. కొత్త వస్తువును చేజేతులా పాడు చేయించుకోవడం ఏమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో కూడా నవ్వారు.

దీన్ని వాద్యాల లోకంలో రెలిక్ అంటారు. ఫెండర్ సంస్థ కస్టమ్ షాపే 1990ల మధ్యలో ఇలాంటి ‘పాత’ గిటార్లను అమ్మకానికి పెట్టింది. అంటే పద్ధతిలో తప్పు లేదు, తెలిసినవాళ్ల చేతిలో అందంగానే ఉంటుంది. తెలియనివాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బాలానగర్ వైపు ఒక చిన్న వర్క్‌షాప్ గురించి ఒకరు చెబితే వెళ్లాను. పేరు రాయడం లేదు, అడగవద్దు. యజమాని బాగా మాట్లాడాడు. గోడ మీద పగుళ్లు పడ్డ నాలుగైదు గిటార్లు వేలాడుతున్నాయి. “సార్, అసలైన నైట్రో లక్కరే (పాత గిటార్లకు వేసే పలుచని మెరుగు పూత) వేస్తాం. చల్లదనంతో పగుళ్లు తెప్పిస్తాం. ఇనుప సామాను కూడా పాతగా చేసి ఇస్తాం. మూడు వారాలు,” అన్నాడు. మొత్తం పద్నాలుగు వేలకు ఒప్పుకున్నాం. ఎనిమిది వేలు అడ్వాన్సు ఫోనులోనే పంపించాను. రసీదు అడిగితే “ఫోనులో ఉంది కదా సార్” అన్నాడు. ఏ లక్కర్ వేస్తాడో, ఎన్ని పూతలో, ఏ భాగాలు ముట్టుకుంటాడో కాగితం మీద ఒక్క ముక్క లేదు. బాస్‌ను విప్పకుండా, తీగలతో సహా అలాగే అప్పగించి వచ్చాను. నా మొదటి తప్పు అదే.

మూడు వారాలు ఏడు వారాలయ్యాయి. చివరికి చేతికి వచ్చినప్పుడు, దూరం నుంచి చూస్తే నిజంగా బాగుంది. దగ్గరకు తెచ్చుకుని వేలితో తడిమితే పగుళ్లన్నీ గోటికి ఒకే లోతులో తగులుతున్నాయి. అన్నీ తిన్నగా, కొలిచి గీసినట్టు. ఆ సాయంత్రమే సాధనకు తీసుకెళితే, రెండు గంటల తర్వాత నా తెల్లచొక్కా కుడి ముంజేయి పొడవునా గోధుమ రంగు మరక. బ్లేడుతో గీసిన గీతల్లో బూటు పాలిష్ కూరాడు మహానుభావుడు. అది చెమటకు కరిగి చొక్కాకు అంటుకుంది.

మర్నాడు మా బాబాయి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ముప్ఫై ఏళ్లు ఫర్నిచర్ పాలిష్ పని చేసిన మనిషి. చూడగానే ఏమీ అనలేదు. “నెక్ విప్పు,” అన్నారు. నాలుగు మరలూ తీశాక, నెక్ కూర్చునే గుంటలో ఎవరికీ కనిపించని చోట దూదికి కాస్త ఎన్‌సీ (అదే నైట్రో లక్కర్) థిన్నర్ అద్ది అర నిమిషం రుద్దారు. దూదికి ఏమీ అంటలేదు. “ఎన్‌సీ అయితే ఈపాటికి కరిగి దూదికి అంటుకోవాలి. ఇది పీయూ రా, పాలియురెథేన్. నీకు చెప్పినది ఒకటి, వేసినది ఒకటి,” అన్నారు. అర నిమిషం, రూపాయి దూది. ఆ పరీక్ష నేను ముందే చేయించి ఉంటే, మిగతా ఆరు వేలు కూడా ఇచ్చి తెచ్చుకునేవాడిని కాదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, మోసపోయేది సరిగ్గా ఇక్కడే. నైట్రోసెల్యులోజ్ లక్కర్ ద్రావకం ఆవిరైపోవడంతో ఆరుతుంది. రసాయనికంగా అల్లుకుపోదు. అందుకే ఎప్పుడు థిన్నర్ తగిలినా మళ్లీ కరుగుతుంది. పొర పలుచన. వయసుతో పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. ఒక్కసారిగా చలి తగిలితే పైపొర ముడుచుకున్నంతగా కింది చెక్క ముడుచుకోదు. ఆ లాగుడుకు పొర పగులుతుంది. 1950లు, 60ల గిటార్ల మీద కనిపించే సాలెగూడు లాంటి గీతలు ఇలా వచ్చినవే. పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలు వేరు. అవి గట్టిపడేటప్పుడు అణువులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఆ తర్వాత థిన్నర్‌కు కరగవు, మామూలు చలికి పగలవు. గట్టి దెబ్బ తగిలితే గాజు పెంకులా ముక్క ఊడుతుందే తప్ప సన్నని గీతలు పడవు. ఫెండర్ 1960ల చివర్లో మందపాటి పాలియెస్టర్‌కు మారింది కనుకనే ఆ తర్వాతి గిటార్లకు ఆ పాత పగుళ్లు ఉండవు. కాబట్టి పీయూ పూత మీద ఒద్దికైన పగుళ్లు కనిపిస్తే, అవి పగుళ్లు కావు, బ్లేడు గీతలు.

మన దగ్గర ఒక తికమక కూడా ఉంది. డ్యూకో అనే మాట. 1920లలో డ్యూపాంట్ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగుకు ఆ పేరు. ఫెండర్ కూడా కార్ల రంగులే వాడేవాడు. ఇక్కడి పెయింటర్లు మాత్రం మెషీన్‌తో కొట్టే ఏ నున్నటి పూతనైనా డ్యూకో అనేస్తారు. “డ్యూకోనే సార్” అంటే లోపల ఏముందో తేలినట్టు కాదు. డబ్బా చూడండి, డబ్బా మీది అక్షరాలు చదవండి. ఎన్‌సీ అని ఉన్నా తొందరపడవద్దు. ఫర్నిచర్ కోసం అమ్మే లక్కర్‌లో సాగే గుణం కోసం ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది వాద్యానికి కావలసినట్టు అంత తేలికగా పగలదు. పూత వేసి వారాల తరబడి ఆరనివ్వాలి. మూడు వారాల్లో రంగు, పగుళ్లు, అరుగుదల అన్నీ అయిపోతాయని ఎవరైనా చెబితే అక్కడే లేచి రావాలి.

ఇంతకంటే పెద్ద నష్టం ఇనుప సామానుది. పాతగా కనిపించాలంటే నికెల్ పూత మెరుపు పోవాలి. దానికి ఫెర్రిక్ క్లోరైడ్ రాస్తారు, లేదా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో యాసిడ్ గిన్నె పెట్టి, పైన సామాను వేలాడదీసి ఆవిరి పట్టిస్తారు. కోఠీ గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డుల కోసం కొనే ఫెర్రిక్ క్లోరైడే. తర్వాత వంటసోడా నీళ్లలో ముంచి, బాగా కడిగి, ఆరబెట్టి, కాస్త నూనె పట్టించకపోతే యాసిడ్ లోహాన్ని తినడం ఆగదు. నా బ్రిడ్జ్‌ను (బాడీ మీద తీగల చివర్లను పట్టి ఉంచే భాగం), తీగలు బిగించే ట్యూనింగ్ కీలను ఆవిరి పట్టించి, కడగకుండా బిగించాడు. అది చాలదన్నట్టు పికప్‌ను కూడా అదే డబ్బాలో పెట్టాడు. పికప్ లోపల వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. ఇచ్చే ముందు నేను మల్టీమీటర్‌తో చూసినప్పుడు 10.6 కిలో ఓమ్‌లు చూపించింది. తిరిగి తెచ్చిన పది రోజులకు శబ్దం సన్నబడి, ఒకరోజు పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ మీటర్ పెడితే ఏమీ చూపించలేదు. చుట్ట చివర తీగ అతికే చోట పచ్చని తుప్పు. ఈ తరహా పికప్‌లో రెండు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి వరుసలో కలిపి ఉంటాయి. ఒకదాని తీగ తెగితే రెండోది బాగున్నా నాలుగు తీగలూ మూగే. బ్రిడ్జ్‌లో తీగ ఎత్తు సరిచేసే చిన్న మరలు తుప్పు పట్టి పట్టేశాయి. ఒకటి తిప్పబోతే అలెన్ కీ జారి లోపలి గుంట గుండ్రమైపోయింది.

అరుగుదల కథ నవ్వుకునేలా ఉంది, నా గిటార్ కాకపోతే నేనూ నవ్వేవాడిని. నిజమైన అరుగుదల చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడే వస్తుంది. బాస్ వాయించేవాడికి కుడి ముంజేయి ఆనే పై అంచు, బొటనవేలు ఆనే పికప్ పైభాగం, వెనక బెల్టు బకిల్ తగిలే చోటు, నెక్ వెనక ఎడమచేతి బొటనవేలు జారే దారి. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలఘర్ వాయించిన 1961 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ ఫోటోలు చూడండి, పూత చాలావరకు పోయినా ఆ మనిషి ఎలా వాయించాడో చెక్క మీద చదవవచ్చు. మా వర్క్‌షాప్ వారు ఆరు తీగల గిటార్ ఫోటో చూసి చేసినట్టున్నారు. తీగల కింద పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) గీరినట్టు గుండ్రని గీతలు గీశారు. నేను పిక్ వాడను, వేళ్లతో వాయిస్తాను. బొటనవేలు ఆనేచోట మాత్రం పూత కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది.

నెక్ వెనక భాగాన్ని అడగకుండానే ముతక ఎమ్రీ పేపర్‌తో చెక్క తేలేదాకా గీకాడు. తర్వాత నూనె గానీ పూత గానీ ఏదీ వేయలేదు. జూలై వానలు మొదలయ్యేసరికి నెక్ వంగి తీగలు పైకి లేచాయి. నాలుగు తీగల లాగుడు దాదాపు 75 కిలోల బరువుతో సమానం. దానికి తోడు పూత లేని మేపుల్ తేమ పీల్చుకుంటే ఇంకేం చేస్తుంది? ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) తిప్పి ప్రస్తుతానికి సరిచేసుకున్నాను.

ఫోన్ చేసి అడిగాను. మొదటిసారి, “పాతది కావాలన్నారు కదా సార్, పాతదైతే ఇలాగే ఉంటుంది,” అన్నాడు. ఈ జవాబుకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. రెండోసారి పికప్ ముందే పోయిందన్నాడు. ఇచ్చే రోజున మీటర్ రీడింగుతో తీసిన ఫోటో పంపాను. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ (నంబరు 1915)లో ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వాళ్ల ఊరికి పోనక్కరలేదు. రసీదు లేకపోయినా డబ్బు పంపిన ఆధారం, వాట్సాప్ మాటలు, ఆ ఫోటో నా దగ్గర ఉన్నాయి. ఏమవుతుందో తేలాక ఇక్కడే రాస్తాను.

ఇంకో మాట, కొనేవాళ్ల కోసం. అదే గోడ మీద ‘అరవైల నాటిది’ అంటూ లక్షా ఎనభై వేలకు ఒక బాస్ వేలాడుతోంది. అది నిజమైనదో కాదో నేను పరీక్షించలేదు, కాబట్టి ఏమీ అనను. అలాంటిది కొనబోతే మాత్రం కంట్రోల్ ప్లేట్ విప్పించి వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింది భాగం) వెనక అంకెలు చూడండి. 137తో మొదలైతే సీటీఎస్, 304తో మొదలైతే స్టాక్‌పోల్ తయారీ. ఆ తర్వాతి అంకెలు సంవత్సరం, వారం. 304-6606 అంటే 1966 ఆరో వారం. పాట్ కన్నా గిటార్ పాతదై ఉండదు, మధ్యలో పాట్ మార్చకపోతే. విప్పడానికి ఒప్పుకోకపోతే కొనకండి.

బాడీ ఇప్పుడు బాబాయి డాబా మీద ఉంది. పీయూ మొత్తం గీకేసి, మహాగని రంధ్రాలకు మళ్లీ లప్పం పట్టి, ఈసారి నా కళ్లముందే డబ్బా తెరిచి ఎన్‌సీ వేస్తామన్నారు. పగుళ్ల సంగతి అడిగితే, “నువ్వు రోజూ వాయించు, అవే వస్తాయి,” అని తిట్టారు. పికప్ తిరిగి చుట్టడానికి పంపాను. మీరు ఎవరికైనా పని అప్పగించేటప్పుడు పికప్‌లు, పాట్‌లు, ట్యూనింగ్ కీలు, బ్రిడ్జ్ ఇంట్లోనే విప్పి పెట్టుకుని, ఖాళీ చెక్కను మాత్రమే ఇవ్వండి. తిరిగి తీసుకోవడానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న సీసాలో థిన్నర్, కాస్త దూది వేసుకుని వెళ్లండి. మిగతా డబ్బు ఇవ్వకముందే నెక్ గుంటలో రుద్దండి.