ఏసీపీ ప్రద్యుమన్‌ను అంత అల్కగా చంపుతారా?

హిందీ టీవీ క్రైమ్ సీరియల్ సీఐడీ రెండో సీజన్‌లో, 2025 ఏప్రిల్‌లో ఏసీపీ ప్రద్యుమన్‌ను బాంబు పేలుడులో చంపేశారు. ఆ పాత్రను చంపడమే తప్పని చాలామంది కోప్పడ్డారు. నాకు చావు మీద అభ్యంతరం లేదు. ఇన్నేళ్ల పాత్రకు అంత అల్కగా ముగింపు రాయడమే నచ్చలేదు.

మాది పాలమూరు దిక్కు, మక్తల్ దగ్గర పల్లె. మా నాయిన బొంబాయికి బిల్డింగ్ పనికి పోయి వచ్చేవాడు. అక్కడ నేర్చిన హిందీతోనే మాకు సీఐడీ డైలాగులు విడమరిచి చెప్పేవాడు. తెర మీద సముద్రపు ఒడ్డు కనిపిస్తే చాలు, కథ మధ్యలోనే "ఇగో, ఈడనే తిరిగేటోళ్లం" అనేవాడు. అందుకే ఆ సీరియల్ మాకు ఎన్నడూ పరాయిది కాలేదు.

1998లో మొదలైన ఆ కథలో ప్రద్యుమన్ ఎట్లాంటి మనిషో గుర్తు చేసుకోండి. సొంత కొడుకు నకుల్ నేరస్తుడైతే, వాడిని తన చేత్తోనే కాల్చిన తండ్రి. వేళ్లు తిప్పుతూ "కుఛ్ తో గడ్‌బడ్ హై" అనే పోలీసుగానే అందరికీ తెలుసు కానీ, శివాజీ సాటమ్ ఆ పాత్ర లోపల ఒక ఒంటరి మనిషిని దాచిపెట్టాడు. అటువంటి వాడి చివరి ఘడియల్లో నకుల్ గుర్తుకు రావద్దా? ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖేతో చివరిసారి ఒక మంచి గొడవ పడవద్దా? నాకు కావాల్సింది ఆ రెండే. పేలుడుకు ఇచ్చిన హంగామా మనిషికి ఇవ్వలేదు.

నచ్చినవీ ఉన్నాయి. విలన్ బార్బోసాగా తిగ్మాంశు ధూలియాను తేవడం మంచి పని. దర్శకుడిగా కూడా పేరున్న ఆయన, గొంతు పెంచకుండానే భయపెట్టగలడు. ఇక ప్రద్యుమన్ జట్టులోని ఇన్‌స్పెక్టర్లు అభిజీత్, దయా. ఆదిత్య శ్రీవాస్తవ, దయానంద్ శెట్టి ముఖాల్లో దుఃఖం నటనలాగా అనిపించలేదు. ఫ్రెడీగా నవ్వించిన దినేశ్ ఫడ్నిస్ 2023 డిసెంబరులో పోయాడు. ఆ జట్టులో నిజంగానే ఒక ఖాళీ ఉందని తెలిసి చూస్తుంటే, ఆ సీన్లు ఇంకా బరువెక్కాయి.

అన్నిటికంటే మనసు విరిచింది తర్వాత జరిగింది. చానల్ వాళ్లు ప్రద్యుమన్‌కు శ్రద్ధాంజలి పోస్టు కూడా పెట్టారు. అది చూసి మా అమ్మ, నటుడికే ఏమో అయిందని టెన్షన్ పడింది. కొన్ని వారాలకే శివాజీ సాటమ్ తిరిగి వచ్చాడు. రావడం సంతోషమే, ఆయన లేని సీఐడీ నాకూ వద్దు. కానీ మేము పడ్డ బాధకు విలువ లేకుండా పోయింది కదా! రేపు దయాకో అభిజీత్‌కో తూటా తగిలినా ఇక గుండె జారదు. క్రైమ్ కథకు ప్రాణమే ఆ భయం.

మధ్యలో ఏసీపీ ఆయుష్మాన్‌గా వచ్చిన పార్థ్ సమ్‌థాన్ బాగానే చేశాడు, నిలదొక్కుకునే టైమే ఇవ్వలేదు.

సీఐడీ కొత్తగా చూసేవాళ్లు ఈ ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి. 2004 నవంబరులో వచ్చిన 111 నిమిషాల ఎపిసోడ్ దొరికితే చూడండి. ఒక్క కట్ కూడా లేకుండా ఒకే షాట్‌లో తీశారు. ముఖం మీదికి మూడుసార్లు దూసుకొచ్చే కెమెరా అందులో కుదరదు, తప్పు పోతే మళ్లీ మొదటినుంచే. ఈ నటుల సత్తా ఏమిటో అక్కడ తెలుస్తుంది.