18 ఏళ్లు చేతిలో నలిగిన పరికరాలు: ఒక స్క్రబ్ నర్సు సమీక్ష

ఆపరేషన్ పరికరాల గురించి చెప్పమంటే అందరూ సర్జన్లనే అడుగుతారు. తప్పేం లేదు. కానీ సర్జన్ చేతికి వచ్చేసరికి ఆ పరికరం కడిగి, తుడిచి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోంచి దిగి, ట్రాలీ మీద వరుసలో ఉంటుంది. ఆయన పట్టుకునేది కొన్ని నిమిషాలు. తర్వాత రక్తంతో సింకులోకి వచ్చేది మా దగ్గరికే. 18 ఏళ్లుగా స్క్రబ్ నర్సుగా, అంటే ఆపరేషన్లో పరికరాలు అందించే నర్సుగా చేస్తున్నాను, కాబట్టి ఈ సమీక్ష సింకు వైపు నుంచి.

కొత్త పరికరం మీద నాకు అభిప్రాయమంటూ ఉండదు. ప్యాకెట్ విప్పిన రోజు అన్నీ అద్దంలా మెరుస్తాయి. రెండు మూడు వందల సార్లు ఆవిరిలో ఉడికాక అసలు సంగతి బయటపడుతుంది. ఇంకో సంగతి: నేను చూసినంతలో పని చేసి చేసి అరిగిపోయినవి తక్కువే. తమది కాని పనికి వాడటం వల్ల పాడైనవే ఎక్కువ.

నన్ను ఎక్కువ విసిగించింది, చివరికి ఎక్కువ సుఖపెట్టింది కూడా కుట్టుసూదిని పట్టుకునే నీడిల్ హోల్డరే. చాలాకాలం మా దగ్గర మామూలు స్టీలువి ఉండేవి. ఒకరోజు పొట్ట మూసే సమయంలో సర్జన్ సూది గుచ్చి మణికట్టు తిప్పగానే, సూది ముందుకు పోకుండా దవడల మధ్యే గిర్రున తిరిగింది. "సిస్టర్, ఇది పట్టు ఆగట్లేదు, ఇంకోటి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. అదీ అంతే. మూడోది వేరే సెట్లోంచి తెప్పించేలోపు థియేటర్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తిట్ల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. తర్వాత తీరిగ్గా వెలుతురులో పెట్టి చూస్తే రెండింటి దవడల్లోనూ గళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. వాటితో ఎవరో స్టీలు వైరు మెలితిప్పేవారని ఆ తర్వాత తెలిసింది.

ఆ గొడవ తర్వాతే టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు అతికించినవి తెప్పించారు. వేళ్లు పెట్టే రింగులకు బంగారు రంగు ఉంటుంది, అదే గుర్తు. రంగు చూసి మాత్రం మోసపోకండి. ఉత్త పూత పూసినవీ ఉంటాయి. దవడ తెరిచి చూస్తే లోపల పలక అతికించిన సన్నటి గీత కనిపించాలి. మావి 9 ఏళ్లుగా నడుస్తున్నాయి, మధ్యలో పలకలు ఒక్కసారి మార్పించాం. ఒకటే లోపం, ఆ లోహం పెళుసు. సన్న సూదుల కోసం చేసిన హోల్డర్‌తో లావు సూది పట్టుకుంటే పలక పగులుతుంది. మాదొకటి అలాగే పోయింది.

పరీక్ష సులువు. దవడల్లో సూది పెట్టి, రింగుల దగ్గరి లాక్‌ను రెండో క్లిక్ దాకా బిగించి, సూదిని తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగిందంటే దాన్ని మరమ్మతుకు పంపాల్సిందే. సూదిని ఎక్కడ పట్టాలన్నదీ ముఖ్యమే. దారం అతికిన చివర నుంచి మూడో వంతు దూరంలో పట్టాలి. దారం అతికిన చోటే పట్టుకుంటే సూదికి అక్కడే బలం తక్కువ కాబట్టి వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. దోషం మాత్రం హోల్డర్ మీదకు పోతుంది.

కొత్తగా వచ్చిన పిల్లలు దీన్నీ ఆర్టరీ ఫోర్సెప్స్‌నీ కలిపేస్తుంటారు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి మరి. దవడలు చూడమంటాను. ఆర్టరీవి పొడుగ్గా ఉండి అడ్డగీతలుంటాయి. నీడిల్ హోల్డర్‌వి పొట్టిగా, మందంగా, గళ్లు గళ్లుగా ఉంటాయి.

ఇక ఆర్టరీల సంగతి, అంటే ఆర్టరీ ఫోర్సెప్స్‌ది. రక్తం కారే నాళాన్ని పట్టి బిగించడమే దీని పని. 19వ శతాబ్దపు బ్రిటిష్ సర్జన్ స్పెన్సర్ వెల్స్ పేరుతో పిలిచే రకం ఇప్పటికీ ప్రతి ట్రేలో ఉంటుంది. దానికి తమ్ముడిలాంటిది మస్కిటో, చిన్న నాళాలకు. కోకర్ రకానికి కొనలో పళ్లుంటాయి, గట్టి పొరల్ని జారకుండా పట్టుకోవడానికి. థైరాయిడ్ మీద పనికి 1909లో నోబెల్ అందుకున్న కోకర్ పేరే అది. ఆ పళ్లను పేగు దగ్గరికి పోనివ్వకూడదు. పేగుకు బాబ్‌కాక్ ఉంది, గుండ్రటి మెత్తటి కొనతో.

ఆర్టరీ ఎలా చెడిపోతుందో చెప్పమంటే గంట చెబుతాను. రబ్బరు గొట్టాన్ని నొక్కి ఉంచడానికి వాడతారు. ఆటోక్లేవ్ డ్రమ్ము మూత పెకిలించడానికి వాడతారు. గుడ్డ జారకుండా పెడతారు, దానికి టవల్ క్లిప్ అని వేరే ఉందని గుర్తు చేస్తే "అది దూరంగా ఉంది సిస్టర్" అంటారు. ఇవన్నీ చేశాక మస్కిటో కొనలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మూసి చూడండి. కొనల మధ్య సందు కనబడితే అది నాళాన్ని పట్టదు. క్లిక్ పరీక్ష ఇంకోటి. మొదటి క్లిక్‌కు మూసి, రెండు భాగాలు కలిసే కీలు దగ్గర పట్టుకుని, రింగుల వైపును టేబుల్‌కేసి మెల్లగా తట్టాలి. టక్కున తెరుచుకుంటే ఆ ముక్కను పక్కన పెట్టేయడమే. ఇది చేయకపోతే అదే తెరుచుకోవడం కడుపు లోపల జరుగుతుంది.

కత్తి విషయానికొస్తే పిడి వేరు, బ్లేడు వేరు. 3వ నంబరు పిడికి 10, 11, 15 బ్లేడ్లు ఎక్కుతాయి. 4వ నంబరు పిడికి 20 నుంచి 24 దాకా పెద్దవి. 11 సూదిగా ఉంటుంది, చీముగడ్డను పొడిచి తెరవడానికి. 15 చిన్న వంపుతో, సన్నటి కోతలకు. బ్లేడు ఎక్కించడం, తీయడం ఎప్పుడూ ఆర్టరీతోనే, వేళ్లతో కాదు. ఈ మాట నాకు ఎడమ చూపుడు వేలు మీది మచ్చ నేర్పింది. చేరిన రెండో ఏడు, వాడేసిన 22వ నంబరు బ్లేడును తొందర్లో వేళ్లతో లాగాను. తెగిన గాయం చిన్నదే. దాని వెనక రక్తపరీక్షలు, మళ్లీ పరీక్షలు, నెలల తరబడి నిద్ర పట్టని రాత్రులు. కార్బన్ స్టీలు బ్లేడు పదును నాకు స్టెయిన్‌లెస్ కంటే నచ్చుతుంది, కానీ తేమ తగిలితే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పిడితో వచ్చే వాడి పారేసే కత్తులు మరీ తేలిక, సర్జన్ల చేతికి బరువు తెలియదంటారు. చిన్న పనులకు నాకవే హాయి. తీయాల్సిన బ్లేడే ఉండదు కదా.

కత్తెరల్లో మెట్జెన్‌బామ్‌ది పాపం దురదృష్ట జాతకం. సన్నగా, పొడుగ్గా, మెత్తటి పొరల్ని విడదీయడానికి చేసిన కత్తెర అది. దానితో దారం కోస్తారు. దారానికి మేయో ఉంది, నిటారుగా, దిట్టంగా. నా ట్రాలీ మీద మేయోను ఎప్పుడూ సర్జన్ కుడిచేతికి దగ్గరగా పెడతాను. అలవాటుగా చేయి అటే పోవాలని. అయినా మెట్జెన్‌బామ్ పదును ఏడాదికోసారి పెట్టించాల్సి వస్తోంది. తడి గాజ్ గుడ్డ రెండు పొరలు పెట్టి కొనతో కోసి చూస్తాను. తెగాలి, నమలకూడదు.

పళ్లున్న ఫోర్సెప్స్, అంటే పట్టకారు చూస్తే చర్మానికి అదే ఎక్కువ హాని అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. నిజానికి పళ్లున్నది మెల్లగా పట్టుకున్నా ఆగుతుంది. పళ్లు లేనిది జారిపోతుందని గట్టిగా నొక్కుతాం, దాంతో చర్మం అంచు నలుగుతుంది. చర్మానికి పళ్లున్నది, పేగుకూ నాళాలకూ లేనిది. కోత అంచుల్ని పక్కకు లాగి పట్టే రిట్రాక్టర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వాటికి రోగం రాదు, పట్టుకున్నవాళ్ల చేతులకే నొప్పులు.

దారాలకు వద్దాం. కొత్తవాళ్లను తికమక పెట్టేది నంబర్లు. 3-0 అంటే 2-0 కంటే సన్నం. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. సున్నాల వైపు కాకుండా 1, 2 అంటూ పోతే లావెక్కుతుంది. నేను చేరిన రోజుల్లో క్యాట్‌గట్ రాజ్యం. పేరులో పిల్లి ఉన్నా అది గొర్రె, ఆవు పేగుల నుంచి వచ్చేది. ప్యాకెట్ చింపగానే స్పిరిట్ వాసన, తీగలా బిగుసుకున్న దారం. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒకటే, నమ్మకం ఉండదు. మామూలుది వారం పది రోజుల్లోనే బలం పోగొట్టుకుంటుంది, అదీ ఒక్కో ఒంట్లో ఒక్కోలా. ఒంట్లో కరిగిపోయే కృత్రిమ దారం పాలీగ్లాక్టిన్ వచ్చాక నేను వెనక్కి చూడలేదు. మూడు వారాల దగ్గర కూడా దాదాపు సగం బలం ఉంటుంది, రెండు నెలలు దాటేసరికి కరిగిపోతుంది. ముడి బాగా కూర్చుంటుంది. పాలీప్రొపిలీన్ శుభ్రమైన దారం, కానీ మొండిది. ప్యాకెట్లో ఎలా చుట్టి ఉందో అలాగే మళ్లీ చుట్టుకోవాలని చూస్తుంది. మెల్లగా లాగి సాపు చేసి ఇవ్వాలి, ముళ్లు ఎక్కువ వేయాలి. చేతికి అన్నిటికంటే హాయిగా ఉండేది సిల్కు. అయితే అది పేనిన దారం కాబట్టి పోగుల మధ్య క్రిములు దాక్కుంటాయి. చీమున్న చోట ఇవ్వమని ఎవరైనా అడిగితే "సార్, ఇక్కడా?" అని ఒకసారి అడుగుతాను. అడిగినందుకు ఎవరూ కోప్పడలేదు.

గ్లవ్స్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే ఆ కథ మొదలైంది ఒక నర్సు చేతులతో. 1889-90 శీతాకాలంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకు మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం పడక చేతులు పుండ్లు పడ్డాయి. సర్జన్ హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో పల్చటి గ్లవ్స్ చేయించాడు. పేషెంట్ కోసం కాదు! పౌడర్ ఉన్న గ్లవ్స్ నేను చాలా ఏళ్లు వాడాను. తొడుక్కోవడం సులువే, కానీ ఆ పౌడర్ కడుపులో పడితే పొరలు అతుక్కుంటాయి. 2017 జనవరి నుంచి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని నిషేధించింది. పౌడర్ లేనివి తొడగడానికి చేయి బాగా ఆరాలి, అంతే తేడా. రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మొదటి వారం వేళ్లు మొద్దుబారినట్టు ఉంటుంది, తర్వాత గుర్తుండదు.

రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. థియేటర్లో వాడే ప్రతి గాజ్ గుడ్డలో, మాప్ అనే పెద్ద గుడ్డలో ఎక్స్‌రేలో కనిపించే దారం ఉండాలి. ఒకసారి పొట్ట మూసే ముందు లెక్కలో ఒకటి తగ్గింది. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ తగ్గింది. బకెట్లు బోర్లించాం, గుడ్డలు దులిపాం. ఎక్స్‌రే యంత్రం తలుపు దాకా వచ్చింది. అప్పుడు కనిపించింది, అసిస్టెంట్ డాక్టర్ గారి చెప్పు అడుగున, రక్తంతో నేలకు అతుక్కుపోయి. నలభై నిమిషాలు పోయాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన చెక్‌లిస్టులో ఈ లెక్క పైకి చదివి చెప్పాలని ఉంది. మనసులో కాదు, పైకి. ఆ రోజు నుంచి నా గొంతు థియేటర్ బయటికి కూడా వినిపిస్తుంది.

కడగడం దగ్గరే చాలా చోట్ల పరికరం ప్రాణం పోతుంది. సెలైన్‌లో నానబెట్టకండి. ఉప్పు స్టీలును తినేస్తుంది, సన్నటి గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు రాదని కాదు. ఎంజైమ్ ద్రావణంలో కీళ్లు తెరిచి నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో కీలు లోపల రుద్ది, బాగా కడిగి ఆరబెట్టాలి. గోధుమరంగు మచ్చ కనిపిస్తే పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూస్తాను. పోయి కింద నున్నగా ఉంటే అది నీటి మరక. కింద గుంట కనిపిస్తే తుప్పు, ఆ పరికరాన్ని మిగతావాటితో కలపను. కీళ్లకు మిషన్ నూనె వేయడం ఇంకో పొరపాటు. నూనె పొరలోకి ఆవిరి వెళ్లదు. నీటిలో కలిసే లూబ్రికెంట్ ఉంటుంది, అదే వాడాలి.

ఆటోక్లేవ్‌లో మామూలు యంత్రమైతే మూటలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పెడతాం. వాక్యూమ్ యంత్రంలో 134 డిగ్రీలకు 3, 4 నిమిషాలు చాలు. మూట మీద టేపు గీతలు నల్లబడితే స్టెరైల్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ మూట వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే ఆ గీతలు చెబుతాయి. మూట మధ్యలో పెట్టిన ఇండికేటర్ రంగు మారిందో లేదో విప్పాక చూడాలి. నేను ట్రే విప్పి మొదట తీసేది దాన్నే.

పోయిన వారం కొత్త సెట్లు వచ్చాయి. 24 ఆర్టరీలు, అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కొక్కటీ మొదటి క్లిక్‌కు మూసి టేబుల్‌కేసి తట్టాను. మూడు తెరుచుకున్నాయి. తెచ్చిన అబ్బాయి "కొత్తవి కదా మేడమ్, వాడగా వాడగా సెట్ అవుతాయి" అన్నాడు. మూడింటికీ ఎర్ర టేపు చుట్టి అతని చేతిలోనే పెట్టి పంపాను.