ముగ్గురి టెంటు, ఆరేళ్ల తర్వాత

సంచి మీద ముగ్గురు పడతారని రాసుంది. నమ్మకండి. సామానుతో ఇద్దరమే పడతాం, అదీ ఒకరు అటు తిరిగితే రెండోవాళ్లకి మెలకువ వచ్చేస్తుంది.

ఆరేళ్లుగా ఏటా ఏదో ఒక కొండల జాతీయ పార్కుకి కారేసుకుని పోతున్నాం. ప్రతిసారీ ఇదే టెంటు. లోపల దోమతెర లాంటి వలగుడ్డ, దానిపైన వాన ఆపే పొర, అల్యూమినియం కర్రలు. వేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. దీంతో వచ్చిన మేకులు మాత్రం వట్టి దండగ, రాతినేలలో మొదటి రాత్రే వంకర్లు పోయాయి.

వానకి ఇది ఒక్కసారీ కారలేదు. మమ్మల్ని తడిపింది మా ఊపిరే. కొండల్లో వెయ్యి మీటర్లు పైకెళ్తే చలి సుమారు 6.5 డిగ్రీలు పెరిగినట్టే. రాత్రి పైపొర చల్లబడితే మనం వదిలిన ఆవిరంతా దాని లోపలివైపు నీరవుతుంది. మొదటి ఏడు తెల్లవారుజామున ముఖం మీద టప్పున చుక్క పడింది. కారుతోందనుకుని టార్చి వేసి కుట్లన్నీ తడిమాను. పొడిగానే ఉన్నాయి. చలికి భయపడి గాలి కిటికీలు రెండూ మూసింది నేనే మరి! ఇప్పుడు ఎంత చలైనా వాటిని తెరిచే ఉంచుతాం. వాగు ఒడ్డున, పల్లంలో టెంటు వేయడం కూడా మానేశాం.

అసలు దెబ్బ మా తొందరవల్ల తగిలింది. రోజుకో క్యాంపు కదా, పొద్దున్నే తడి టెంటుని చుట్టి డిక్కీలో కుక్కేవాళ్లం. మూడో ఏడు విప్పి చూస్తే పుల్లటి వాసన, పైపొర లోపలివైపు నీరు దిగకుండా వేసే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత వేళ్లకి జిగురుగా అంటుకుంది. తేమకి ఆ పూత అలా పాడైతే ఇక బాగుపడదు. పైపొర ఒక్కటీ కొత్తది కొన్నాను. అప్పట్నుంచి మధ్యాహ్నం తిండికి ఆగినచోట కారు తలుపులు తెరిచి వాటి మీద ఆరేస్తున్నా. ఎండుంటే తినేలోపు ఆరిపోతుంది.

ఐదో ఏడు జిప్పు మూస్తుంటే వెనకే విచ్చుకోవడం మొదలైంది. పళ్లు బాగానే ఉన్నాయి, రన్నరే వదులైంది. పట్టకారుతో రెండంచులూ కొంచెం కొంచెంగా నొక్కితే మళ్లీ పట్టింది. గట్టిగా నొక్కితే విరుగుతుంది, జాగ్రత్త.

లోపలి జేబులు నాకు కళ్లజోడుకీ టార్చికీ తప్ప పనికిరాలేదు. ఎలుగుబంట్లు తిరిగేచోట తిండే కాదు, టూత్‌పేస్టు కూడా టెంట్లో పెట్టకూడదు కదా.

కొత్త పైపొర రంగు పాతదానితో కలవలేదు. అయినా వచ్చే వేసవికీ ఇదే. మూడో మనిషి వస్తానంటే మాత్రం టెంటు తెచ్చుకోమంటాను.