అంబాసిడర్ ఇగ్నిషన్ వైర్లు: పదకొండేళ్లుగా వాడుతున్న టెస్ట్ ల్యాంప్

మా నాన్నగారి 1985 అంబాసిడర్ మార్క్ 4 నా చేతికి వచ్చేసరికి స్టీరింగు కింద నాలుగు వైర్లు వేలాడుతున్నాయి. ఎప్పుడో ఎవరో ఇగ్నిషన్ స్విచ్ విప్పి, మళ్లీ బిగించకుండా వదిలేశారు. అప్పుడు రెండు పరికరాలు తెచ్చుకున్నాను. ఒకటి మామూలు డిజిటల్ మల్టీమీటరు. రెండోది నేను కట్టుకున్న టెస్ట్ ల్యాంప్, అంటే వైరులో కరెంటు ఉంటే వెలిగే బల్బు: ఒక 12 వోల్టుల పార్కింగ్ బల్బు, దాని హోల్డరు, ఒక మొసలి క్లిప్పు, ఒక సూది. పదకొండేళ్ల తర్వాత కూడా నా చెయ్యి ముందు వెళ్లేది ల్యాంప్ మీదికే.

ఈ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు సంతతి కాబట్టి వైర్ల రంగులు లూకాస్ (కార్ల కరెంటు సామాను చేసే బ్రిటిష్ కంపెనీ) పద్ధతిలో ఉంటాయి. తాళం తిప్పకపోయినా కరెంటు ఉండేది బ్రౌన్. కొన్నిట్లో దాని మీద నీలం గీత కూడా ఉంటుంది. తాళం తిప్పాక కాయిల్‌కి (స్పార్క్ కోసం వోల్టేజీ పెంచేది) వెళ్లేది తెలుపు. తెలుపు మీద ఎర్ర గీత ఉంటే స్టార్టరుది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకి (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకీ పంచేది) వెళ్లేది తెలుపు-నలుపు. ఫ్యూజు దాటాక తెలుపు కాస్తా గ్రీన్ అవుతుంది. నలుపు ఎర్త్, అంటే బండి బాడీకి కలిపేది.

చిక్కేమిటంటే, ఇంజను వేడికీ నూనె జిడ్డుకీ తెలుపు పసుపులా, బ్రౌన్ నల్లగా కనిపిస్తాయి. పైనుంచి చూసి నిర్ణయించకండి. వైర్లు రేకులోంచి దూరే చోట ఉండే రబ్బరు గ్రోమెట్ పక్కకి జరిపితే ఎండా జిడ్డూ తగలని రెండంగుళాల్లో అసలు రంగు దొరుకుతుంది. నాకు రెండు వైర్లు అలాగే తెలిశాయి.

మిగతా రెండింటికి మల్టీమీటరు పనికొచ్చింది. బ్యాటరీ ఎర్త్ తీసేసి, కాయిల్ దగ్గర తెల్ల వైరు ఊడదీసి, దాని కొస ఒక పక్క, వేలాడే కొసలు ఒక్కొక్కటీ మరో పక్క పెట్టి, రెండు కొసలూ ఒకే వైరువైతే మోగే మీటరు బజర్ విన్నాను. మోగింది తెలుపు. ప్రతిదానికీ కాగితం టేపు చుట్టి పేరు రాశాను. కాయిల్ వైరు తిరిగి తగిలించి, బ్యాటరీ కలిపి, మధ్యలో 10 యాంపుల ఫ్యూజు పెట్టి బ్రౌన్‌ని తెలుపుకి తాకిస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. ఆ సాయంత్రం నాన్నగారు వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

ల్యాంప్ విలువ తెలిసింది ఆరు నెలల తర్వాత, ధవళేశ్వరం బ్యారేజీ మీద. పది నిమిషాలు నడిచి బండి ఆగిపోయింది. కాయిల్ దగ్గర మీటరు 12.3 వోల్టులు చూపిస్తోంది. అంతా బాగుందనుకుని డిస్ట్రిబ్యూటరులోని కండెన్సర్ మార్చాను, పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి విడదీసే మొనలు) గీకాను, ఫలితం లేదు. చివరికి బ్రేక్ లైటు 21 వాట్ల బల్బు తీసి అదే చోట పెడితే మిణుకుమిణుకుమంది. అప్పటికి పాయింట్లు తెరుచుకుని ఉన్నాయి, కాయిల్ కరెంటు లాగడం లేదు. మీటరు కూడా దాదాపు ఏమీ లాగదు కాబట్టి, ఒక్క పోగు వైరు మిగిలినా నిండు వోల్టేజీ చూపిస్తుంది. పాయింట్లు కలిస్తే కాయిల్‌కి సుమారు 4 యాంపులు కావాలి. స్విచ్ వెనక తెల్ల వైరు లగ్గులో (వైరు కొసకి నొక్కే లోహపు ముక్క) మూడు పోగులే లూజుగా తగులుతున్నాయి. లూజు వైరు వెతికేటప్పుడు బల్బు చెప్పిందే నమ్మండి.

అప్పటినుంచి 5 వాట్ల పార్కింగ్ బల్బు వెతకడానికి, 21 వాట్లది బలం చూడటానికి వాడుతున్నాను. చిన్నది టైమింగుకీ (స్పార్క్ పడే క్షణం సరిచేయడానికి) పనికొస్తుంది: తాళం తిప్పి ఉంచి కాయిల్ పాయింట్ల వైపు టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే, పాయింట్లు విడిపోయిన క్షణాన వెలుగుతుంది. పాయింట్లు కలిసిన స్థితిలో తాళం అలాగే తిప్పి ఉంచి వెళ్లకండి, కాయిల్ కాలుతుంది.

లోపాలూ ఉన్నాయి. క్లిప్పు రెండుసార్లు మార్చాను. మొదట్లో సూదితో వైరు తొడుగు గుచ్చేవాణ్ణి. ఆ చిల్లుల్లోంచి నీరు చేరి రాగి పచ్చగా చిలుము పట్టింది. ఇప్పుడు లగ్గు దగ్గరే చూస్తాను. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్లలో మాత్రం ఈ బల్బు పెట్టొద్దు.

జాయింట్లన్నీ విప్పి, కొత్త లగ్గులు నొక్కి, వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. ఇక హెడ్‌లైట్ల వైపు మిగిలింది. నీలం-తెలుపు, నీలం-ఎరుపు వైర్లు కొని ఉంచాను.