మళ్లీ మహమ్మారి వస్తే డబ్బు ఎక్కడుండాలి? ఇండెక్స్ ఫండా, బంగారమా, ఎఫ్‌డీనా?

కోవిడ్ వచ్చిన 2020 మొత్తానికి లెక్క చూస్తే బంగారానిదే గెలుపు. ఆ జనవరి 1న తలా ఒక లక్ష పెట్టి ఉంటే, డిసెంబర్ 31కి బంగారం లక్షా పాతికవేలు దాటింది. నిఫ్టీ ఇండెక్స్‌లో (దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) పెట్టింది దాదాపు లక్షా పదిహేను వేలయింది. ఎఫ్‌డీ లక్షా ఆరు వేల దగ్గర ఆగింది. ఏది మేలు అంటే ఈ వరస చెప్పి ఊరుకోవచ్చు. కానీ డిసెంబర్ 31 దాకా చేయి పెట్టకుండా ఉండగలిగినవాళ్లకే ఈ లెక్క పనికొస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ ఖాళీ చేసి, లాప్‌టాప్ సంచిలో వేసుకుని కర్నూలుకో చిత్తూరుకో బయల్దేరినవాళ్లు అప్పుడు చూసుకున్నది మార్చి నెల లెక్క.

మార్చి 23 సోమవారం. పొద్దున మార్కెట్ తెరిచిన కాసేపటికే నిఫ్టీ 10 శాతం పడి లోయర్ సర్క్యూట్ (అంత పడితే ట్రేడింగ్ ఆపేయాలన్న హద్దు) తగిలింది. 45 నిమిషాలు ట్రేడింగ్ ఆపారు. మళ్లీ మొదలయ్యాక ఇంకా పడింది. సాయంత్రానికి 13 శాతం పోయి 7,610 దగ్గర ముగిసింది. సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పోగొట్టుకుంది. జనవరిలో ఇండెక్స్‌లో పెట్టిన లక్ష ఆ సాయంత్రం 62 వేల చిల్లర. అదే రోజు బంగారంలోని లక్ష లక్షకు కాస్త పైనే ఉంది. ఎఫ్‌డీలోని లక్ష ఏ చప్పుడూ లేకుండా లక్షా వెయ్యి దాటింది.

మన మార్కెట్ అంత లోతుకు ఎందుకు పడిందో తెలిస్తే ఈ మూడింటి తేడా కూడా తెలుస్తుంది. రోగం అన్ని దేశాలకూ వచ్చింది. కానీ భయం పుట్టగానే పెద్ద ఫండ్లు డబ్బును డాలర్లలోకి మార్చుకుని అమెరికాకు తీసుకెళ్లాయి. ముందు అమ్మేది భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా లాంటి దేశాల షేర్లనే. 2020 మార్చి ఒక్క నెలలో విదేశీ మదుపరులు మన షేర్ల నుంచి వెనక్కి తీసుకున్నది దాదాపు 62 వేల కోట్ల రూపాయలు. అమెరికా సూచీ ఎస్ అండ్ పీ 500 ఫిబ్రవరి గరిష్ఠం నుంచి 34 శాతం పడితే, నిఫ్టీ జనవరి గరిష్ఠం నుంచి 38 శాతం పడింది. బ్రెజిల్ సూచీ బొవెస్పా దాదాపు సగమైంది. అక్కడ ఆ నెలలో ఆరుసార్లు ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది. ఫిలిప్పీన్స్ రెండు రోజులు మార్కెట్‌కే తాళం వేసింది. తెరిచిన రోజు సూచీ ఒక దశలో 24 శాతం దాకా పడింది. శ్రీలంకలో మార్చి 20 తర్వాత మళ్లీ మే 11న గానీ తెరవలేదు. షేరు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి, అమ్ముకునే దారే లేని రోజులవి. మన ఎక్స్ఛేంజీలు లాక్‌డౌన్‌లోనూ నడిచాయి. దానికి మెచ్చుకోవాలి.

ఆ డబ్బు బయటికి పోతూ రూపాయిని కూడా లాక్కెళ్లింది. జనవరిలో డాలర్‌కు 71 చుట్టూ ఉన్న రూపాయి మార్చి 23న 76 దాటింది. మన దేశంలో బంగారానికి ఉన్న బలం ఇక్కడే ఉంది. ప్రపంచ ధర డాలర్లలో కదులుతుంది కాబట్టి రూపాయి బలహీనపడితే ఆ మేరకు ఇక్కడ ధర పెరుగుతుంది. మార్చి మధ్యలో డాలర్లలో బంగారం కూడా బాగానే పడింది. ఔన్సు దాదాపు 1,700 నుంచి 1,500 డాలర్ల లోపుకు వచ్చింది, ఎందుకంటే నగదు కోసం అందరూ దొరికింది దొరికినట్టు అమ్మారు. మనకు ఆ దెబ్బ అంతగా తగలకపోవడంలో రూపాయి పాత్ర ఉంది. అమెరికావాళ్లకు బంగారం ఒక పెట్టుబడి మాత్రమే. మనకు అది షేర్లు, రూపాయి కలిసి పడే రోజుకు ఎదురు నిలిచేది.

అయితే ఏ బంగారం? ఆభరణమైతే మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ కొన్నరోజే పోతాయి. పైగా ఏప్రిల్‌లో నగల దుకాణాలన్నీ మూతపడ్డాయి. అమ్ముదామన్నా కొనేవాడు లేడు. నగ అక్కరకొచ్చింది తాకట్టుకే. వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులు ఇచ్చే గోల్డ్‌లోన్‌ను నగ విలువలో 75 నుంచి 90 శాతానికి పెంచుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2020 ఆగస్టులో వెసులుబాటు ఇచ్చింది, 2021 మార్చి దాకా. మనవాళ్లలో ఎన్ని ఇళ్లు దాంతో గట్టెక్కాయో ఏ సూచీ చెప్పదు. కానీ బంగారంలో ఒక ఉచ్చు కూడా ఉంది. ఆగస్టు మొదటివారంలో పది గ్రాములు 56 వేలు దాటినప్పుడు ‘లక్షకు పోతుంది’ అంటూ పరిగెత్తి కొన్నవాళ్లున్నారు. 2021 మార్చికి అది 44 వేల చుట్టూ తిరిగింది. 20 శాతం నష్టం. బంగారమైనా సరే, భయం ముదిరాక కొంటే అదీ షేరులాగే కొడుతుంది.

ఇక ఎఫ్‌డీ. దాన్ని తక్కువచేసి మాట్లాడటం బెంగళూరు ఆఫీసుల్లో ఒక ఫ్యాషన్. 2020 జనవరిలో పెద్ద బ్యాంకుల్లో ఏడాది ఎఫ్‌డీకి ఆరు శాతం పైచిలుకు వడ్డీ వచ్చేది. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును (బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీని) 5.15 నుంచి మార్చి 27న 4.40కి, మే 22న 4 శాతానికి దించేసరికి కొత్త ఎఫ్‌డీలు ఐదు శాతం దగ్గరికి వచ్చేశాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ధరల పెరుగుదల 7.61 శాతం. అంటే వడ్డీ వస్తున్నా డబ్బు విలువ కరిగిపోతోంది. లాభం కోసమే అయితే ఎఫ్‌డీ దండగ. దాని పని వేరు.

మా బాబాయి కొడుకు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు, సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్ కొని ఈఎంఐ కడుతున్నాడు, ఎస్‌ఐపీ పేరుతో నెలనెలా ఫండ్‌లో కొంత వేస్తున్నాడు. మొన్న ఏదో కొత్త వైరస్ వార్త చూసి ఫోన్ చేశాడు.

‘అన్నా, ఎస్‌ఐపీ ఆపేసి ఉన్నదంతా బంగారంలోకి మార్చేయనా?’

‘అది తర్వాత చూద్దాం. ఆర్నెల్లు జీతం రాకపోతే ఈఎంఐ ఎలా కడతావురా?’

‘ఫండ్స్ అమ్ముతా.’

ఇక్కడే చిక్కంతా ఉంది. జీతం ఆగే నెల, మార్కెట్ నేలమీద ఉండే నెల ఒకటే అవుతాయి. 2020 మార్చి 23న 62 వేలకు అమ్ముకున్నవాడికి, నవంబర్‌లో నిఫ్టీ పాత గరిష్ఠాన్ని దాటినా ఒరిగేదేమీ లేదు. ఇండెక్స్ ఇచ్చిన లాభం ఎవరికి దక్కిందీ అంటే, ఇల్లు గడవడానికి ఎఫ్‌డీ ఉన్నవాడికి. ఎఫ్‌డీ మీద వచ్చిన వడ్డీని మాత్రమే చూసి దానికి మూడో ర్యాంకు ఇస్తే, ఇండెక్స్‌ను అమ్మకుండా కాపాడింది ఎవరన్న లెక్క తప్పిపోతుంది. ఆ ఏడాది ఆరు నెలల మారటోరియం (వాయిదాలు కట్టకుండా విరామం) ఇచ్చారు కదా అనొచ్చు. వడ్డీ మాత్రం నడిచింది, అప్పు పెరిగింది.

ఎఫ్‌డీ బదులు కాస్త ఎక్కువ వస్తుందని డెట్ ఫండ్ (షేర్లలో కాక బాండ్లలో పెట్టే ఫండ్) ఎంచుకున్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ ఫండ్లను మూసేస్తున్నట్టు ప్రకటించింది. మొదటి విడత డబ్బు చేతికి రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. అత్యవసరానికి పెట్టుకున్న డబ్బు పది నెలలు ఇరుక్కుంటే అది అత్యవసర నిధి ఎలా అవుతుంది? బ్యాంకులకూ గండాలుంటాయి, నిజమే. 2020 మార్చిలో యెస్ బ్యాంక్ ఖాతాదారులు రెండు వారాలు 50 వేలకు మించి తీయలేకపోయారు. డిపాజిట్ బీమా అంతకు నెల ముందే లక్ష నుంచి ఐదు లక్షలకు పెరిగింది కాబట్టి, ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల లోపు ఉంచుకోవడం మంచిది.

ఇండెక్స్ వైపు మళ్లీ వద్దాం, ఎందుకంటే దాని మీదే అపోహలు ఎక్కువ. ‘వర్ధమాన దేశాల మార్కెట్లు పడతాయి, మళ్లీ లేస్తాయి’ అని అందరూ ఒకే గాటన కడతారు. 2020 చివరికి దక్షిణ కొరియా కోస్పి 30 శాతం పైగా లాభంలో ఉంది. ఆ సూచీలో చిప్‌లు, ఎలక్ట్రానిక్స్ కంపెనీల బరువు ఎక్కువ. షాంఘై సూచీ దాదాపు 14 శాతం పెరిగింది. బ్రెజిల్ సూచీ కూడా ఏడాది చివరికి మూడు శాతం లాభం చూపింది గానీ అక్కడి కరెన్సీ రియాల్ డాలర్‌తో 20 శాతం పైగా పడిపోయింది. చమురు, ఖనిజాలు, బ్యాంకుల మీద ఆధారపడిన మార్కెట్ అది. మనది మధ్యలో ఉంది. ఐటీ, ఫార్మా పైకి లాగాయి. జియోలో ఫేస్‌బుక్ 43,574 కోట్లు పెడుతున్నట్టు ఏప్రిల్ 22న ప్రకటించాక రిలయన్స్ తోడైంది. బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ మాత్రం డిసెంబర్‌కి కూడా పాత స్థాయికి రాలేదు.

ఐటీ లాగిందన్న మాట బెంగళూరువాళ్లను తప్పుదారి పట్టించొచ్చు. జీతం ఐటీలో, కంపెనీ ఇచ్చిన షేర్లు ఐటీలో, దాచుకున్న ఫండ్ కూడా ఐటీ సెక్టార్‌దే. ఇంటి నుంచి పని చేయగలిగిన రోగం కాబట్టి 2020లో అది కలిసొచ్చింది. అమెరికా క్లయింట్లు ఖర్చు తగ్గించుకునే కష్టం వస్తే మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. మామూలు నిఫ్టీ ఇండెక్స్ మేలు, సెక్టార్ ఫండ్ వద్దు అంటాను.

ఇంకోటి. రోగం తీవ్రతను బట్టి మార్కెట్ నడుస్తుందనుకునేవాళ్లు 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు చేసుకోవాలి. ఇదే బెంగళూరులో ఆక్సిజన్ కోసం, బెడ్ కోసం జనం తిరిగిన రోజులు. ఏప్రిల్ 12న నిఫ్టీ 3.5 శాతం పడింది, అంతే. మే ముగిసేసరికి 15,500 దాటి కొత్త గరిష్ఠానికి చేరింది. మొదటిసారి పోయిన విదేశీ డబ్బు, అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా కావడంతో అప్పటికే తిరిగొచ్చేసింది. 2020-21లో వాళ్లు మన షేర్లలో పెట్టింది రెండున్నర లక్షల కోట్లకు పైనే. ఇక్కడి కొత్త మదుపరులూ తోడయ్యారు. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాలు ఏడాదిలో దాదాపు 4.1 కోట్ల నుంచి 5.5 కోట్లకు పెరిగాయి. మనుషులు పోతుంటే సూచీ ఎక్కడం చూడటానికి బాధగానే ఉంటుంది. కానీ డబ్బు రాకపోకల లెక్క అది.

తమ్ముడికి చెప్పింది ఇదీ. ముందు ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో పడేదాకా ఎస్‌ఐపీ సగానికి తగ్గించు, ఆపకు. ఆ తర్వాత పూర్తిగా పెంచుకో. దాచుకున్న మొత్తంలో బంగారం పదో వంతు చాలు. మరదలి నగలు అందులో కలపకు, అవి తాకట్టుకు తప్ప అమ్మకానికి రావు. ప్రభుత్వం ఇచ్చే సావరిన్ గోల్డ్ బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత రాలేదు కాబట్టి నెలనెలా కొంచెం గోల్డ్ ఈటీఎఫ్ (షేరులా కొనుక్కునే బంగారం ఫండ్) కొనుక్కో. ఈఎంఐ లేని మనిషికి, జీతం ప్రభుత్వానిదైనవాళ్లకు మూడు నెలల ఎఫ్‌డీ సరిపోతుంది, మిగతాది ఇండెక్స్‌లో ఉండొచ్చు. రెండేళ్లలో పెళ్లో, పిల్లల ఫీజో ఉన్నవాళ్లు మాత్రం ఆ డబ్బును ఇండెక్స్ దరిదాపులకు కూడా తేవద్దు.