బొరెగో స్ప్రింగ్సా, బాంబే బీచా: ఎడారి ఊళ్లలో ఏది మేలు?

శాన్‌డియాగోలో ఉంటాం కాబట్టి చుట్టాలెవరొచ్చినా సముద్రం చూపించి పంపడం మాకు అలవాటు. గుంటూరు నుంచి వచ్చిన మా బావ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. "సముద్రం మాకు సూర్యలంకలో లేదా ఏంటోయ్, ఎడారి చూపించు" అన్నాడు. సరే అని ఫిబ్రవరిలో ఒక శనివారం రెండు ఊళ్లూ తిప్పుకొచ్చాను. దారి పొడవునా ఒకటే వాదన, ఈ రెండింట్లో ఏది మేలని.

ముందు ఓ మాట. ఈ రెండింటికీ మున్సిపాలిటీ లేదు, మేయర్ లేడు, సర్పంచ్ లాంటి మనిషీ లేడు. రోడ్లు, పోలీసులు, ఇంటి పర్మిషన్లు అన్నీ కౌంటీయే, అంటే మన జిల్లా యంత్రాంగం లాంటిదే, చూసుకుంటుంది. జనాభా లెక్కల కోసం మ్యాపు మీద ఒక గీత గీసి, లోపలున్న వాళ్లను లెక్కపెడతారు. బావకు ఇది మింగుడుపడలేదు. "తెలంగాణలో 2018లో 500 మంది ఉన్న తండాలను కూడా పంచాయతీలు చేశారు కదోయ్, వీళ్లకేం రోగం?" అన్నాడు.

దారిలో ఉన్న బ్రాలీ అనే పట్నంలో పెట్రోలు కొట్టించుకుని బాంబే బీచ్‌కు వెళ్లాం. పేరు వినగానే వడాపావ్ దొరుకుతుందా అని అడిగాడు బావ. అక్కడ బంకే లేదు, ఇంక వడాపావ్ ఎక్కడ? ఇంపీరియల్ కౌంటీలో, సాల్టన్ సీ తూర్పు ఒడ్డున ఉంటుంది. సముద్రమట్టానికి 220 అడుగులకు పైగా దిగువన. అమెరికాలో ఇంత పల్లంలో ఇంకో ఊరు లేదు. 1905లో కొలరాడో నది కాలువ గట్లు తెంచుకుని రెండేళ్లపాటు ఈ గుంటలోకి పారింది. అలా ఏర్పడిందే ఈ ఉప్పు చెరువు. బయటికి పోయే దారి లేదు కాబట్టి, చేరిన నీళ్లు ఆవిరైపోవడమే. ఇప్పుడు మహాసముద్రం కన్నా దాదాపు రెట్టింపు ఉప్పగా ఉంటుంది.

ఒకప్పుడు ఇక్కడ పడవలు, చేపల వేట, సెలవుల సందడి. 1970ల్లో తుపానులొచ్చి ఒడ్డు వీధులను ముంచాయి. దాంతో మట్టి కట్ట పోశారు. ఇప్పుడు కథ తిరగబడింది. కట్ట ఎక్కి చూస్తే నీళ్లు ఎక్కడో దూరంగా మెరుస్తాయి. పొలాల నుంచి వచ్చే నీళ్లు తగ్గాయి, చెరువు కుంచించుకుపోతోంది, బయటపడిన అడుగు మట్టి గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. కింద ఇసుక అనుకుని నడుస్తుంటే కరకరమని చప్పుడు. వంగి పిడికెడు తీసి చూశాం. ఇసుక కాదు, చేప ముళ్లు, నత్తగుల్లల్లాంటి చిన్న చిన్న పెంకులు. బావ చేతులు దులుపుకుని ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకున్నాడు.

ఊరి జనాభా 2000లో 366 మంది, 2010లో 295, 2020లో 231. లెక్క ఎటు పోతోందో చెప్పక్కర్లేదు. అయినా ఊరు చచ్చిపోలేదు. 2016 నుంచి కళాకారులు వచ్చి పాడుబడ్డ ఇళ్లకు రంగులేసి, ఒడ్డున విచిత్రమైన బొమ్మలు నిలబెట్టి ఉత్సవం చేస్తున్నారు. ఫొటోలకు బ్రహ్మాండం. ఒంట్లో బాగాలేకపోతే మాత్రం మళ్లీ బ్రాలీ దాకా పరుగు తీయాల్సిందే.

మధ్యాహ్నం చెరువును ఉత్తరం వైపు చుట్టుకుని, పడమటి కొండల్లోకి ఎక్కి బొరెగో స్ప్రింగ్స్ చేరాం. ఇది శాన్‌డియాగో కౌంటీ, సముద్రమట్టానికి దాదాపు 600 అడుగుల ఎత్తు. చుట్టూ ఆరు లక్షల ఎకరాలకు మించిన అంజా-బొరెగో స్టేట్ పార్కు, మధ్యలో ఈ లోయ. పసిఫిక్ మేఘాలు కొండలకు అవతలే కురిసిపోతాయి. మన అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే కరువు జిల్లా అంటాం. ఇక్కడ అందులో మూడోవంతు కూడా పడదు. బాంబే బీచ్‌లో ఇంకా తక్కువ.

ఊళ్లో ట్రాఫిక్ సిగ్నల్ ఒక్కటీ లేదు. నడిబొడ్డున ఒక గుండ్రటి పార్కు, చుట్టూ దుకాణాలు, బడి, క్లినిక్. ఊరి బయట ఇనుముతో చేసిన 350 అడుగుల పాము ఉంది. తల రోడ్డుకు ఒక పక్క, తోక ఇంకో పక్క. రోడ్డు కింద నుంచి దూరి వెళ్తున్నట్టు కనబడుతుంది. చిన్నపిల్లలున్న వాళ్లకు ఇదొక్కటి చాలు.

జనాభా 2010లో 3,429, 2020కి మూడు వేలకు కాస్త పైన. ఈ అంకెను పూర్తిగా నమ్మడానికి లేదు. చలికాలంలో వచ్చి ఎండాకాలం వెళ్లిపోయే రిటైరైన వాళ్లు ఎక్కువ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడుంటే అక్కడే లెక్కపెడతారు కాబట్టి, వాళ్లు ఈ ఊరి ఖాతాలోకి రారు. ఫిబ్రవరిలో హోటల్ రూము దొరకదు, జూలైలో వీధిలో పురుగు కనబడదు. రెంటచింతల మే నెలను నాలుగు నెలలు సాగదీస్తే ఎలా ఉంటుందో అదీ ఇక్కడి ఎండాకాలం. అప్పుడు కూడా ఉండేది హోటళ్లలో, తోటల్లో పనిచేసే కుటుంబాలే.

రాత్రి ఆకాశాన్ని చీకటిగా కాపాడుకునే ఊళ్లకిచ్చే అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపును 2009లో పొందిన ఊరు ఇది. రాత్రి లైట్లు తక్కువ, పైన పాలపుంత. బావ పదినిమిషాలు మెడ ఎత్తి చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ బోరు ఎన్ని అడుగులోయ్?"

పల్నాడు దగ్గరి మనిషి కదా, నాడి పట్టుకున్నాడు. ఈ ఊరికి భూగర్భ జలమే దిక్కు. గోల్ఫ్ మైదానాలకు, నిమ్మజాతి తోటలకు దశాబ్దాలుగా తోడేశారు. 2040 నాటికి తోడకాన్ని ఏడాదికి 5,700 ఎకరా-అడుగులకు, అంటే మన లెక్కలో పావు టీఎంసీకి తగ్గించాలని 2021లో కోర్టు తీర్పు వచ్చింది. పాత వాడకంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కోత. తోటలు ఎండబెట్టకుండా ఇది అయ్యే పని కాదు. విచిత్రం ఏంటంటే, బాంబే బీచ్‌కు తాగునీళ్లు కోచెల్లా లోయ నీటి సరఫరా సంస్థ పైపుల్లో వస్తాయి. ఎదురుగా చెరువు పాడైపోతున్నా కుళాయికి మాత్రం ఢోకా లేదు.

నా ఓటు బొరెగోకే. గాలి బాగుంటుంది, డాక్టరు ఉన్నాడు, రేషన్ పెట్టైనా నీళ్లకు ఒక లెక్క వేసుకున్నారు. బావ ఒప్పుకోలేదు. చూసినదాన్ని నలుగురికీ చెప్పుకోవడానికి బాంబే బీచే మేలట.

ఒక్క రోజే ఉంటే రెండూ చూడొచ్చు. పొద్దున బాంబే బీచ్, సాయంత్రానికి బొరెగో. చీకటి పడ్డాక నక్షత్రాలుంటాయి కాబట్టి ఈ వరసే మార్చకండి. ట్యాంకు బ్రాలీలోనే నింపుకోండి, ఎండిన ఒడ్డున పాత చెప్పులేసుకోండి.