పోర్చుగల్ రోడ్ల మీద నాలుగేళ్లు, ఒక చిన్న బండితో

ముందే చెప్పేస్తున్నాను, ఇది వారం రోజులు టూరుకొచ్చి వెళ్లినవాడి రివ్యూ కాదు. లిస్బన్‌లో ఉద్యోగం చేసుకుంటూ నాలుగేళ్లుగా శని, ఆదివారాల్లో, సెలవుల్లో బండి మీద తిరిగి, మొత్తం 31 వేల కిలోమీటర్లు దాటాక రాస్తున్నది. మొదటి ఏడాదిన్నర 125 సీసీ స్కూటర్. ఆ తర్వాత 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. రెండూ పరుగుపందేనికి పనికొచ్చేవి కావు. తొంభై దాటితే అద్దాల్లో వెనకున్న కారు రెండుగా కనిపిస్తుంది. అయినా ఆ తొంభై చాలు, ఊళ్ల బయట నేషనల్ రోడ్ల మీద లిమిట్ కూడా అంతే.

స్కూటర్‌తో మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ కారు లైసెన్స్ ఉండి 25 ఏళ్లు నిండినవాళ్లు వేరే పరీక్ష రాయకుండా 125 సీసీ బండి నడపొచ్చు. 2009 నుంచి ఉన్న రూలు ఇది. నేను ఇక్కడే డ్రైవింగ్ స్కూల్లో చేరి కారు లైసెన్స్ తీసుకున్నాను, మర్నాడే స్కూటర్ కొన్నాను. పెద్ద బండికి మాత్రం మళ్లీ స్కూలు, మళ్లీ పరీక్ష తప్పలేదు.

లిస్బన్ నుంచి దక్షిణానికి పోవాలంటే తేజు నది దాటాలి. 1966లో కట్టిన ఎర్రటి వేలాడే వంతెన ఉంది. మొదట నియంత సలజార్ పేరు పెట్టారు. 1974లో విప్లవం వచ్చాక ఆ రోజు పేరే పెట్టుకుని 'ఏప్రిల్ 25 వంతెన' అన్నారు. దాని మీద ఎడమ లేనులో తారు ఉండదు, ఇనుప జాలి ఉంటుంది. కిందికి చూస్తే 70 మీటర్ల లోతున నీళ్లు. జాలి మీదికి ఎక్కగానే టైరు కాసేపు అటు, కాసేపు ఇటు పాకుతుంది, హెల్మెట్ లోపల తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. మొదటిసారి నా చేతులు బిగుసుకుపోయాయి. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నకొద్దీ బండి ఇంకా ఊగుతుందని మూడోసారికి అర్థమైంది. ఇప్పుడు చక్కగా కుడి లేను పట్టుకుని తారు మీదే పోతాను, పౌరుషాలకు పోను.

నేను ఎక్కువసార్లు వెళ్లిన దారి ఒకటే. సెతూబల్‌లో బండిని ఫెర్రీ ఎక్కించి, సాదో నది సముద్రంలో కలిసే చోట అవతలి ఒడ్డుకు, త్రోయాకు వెళ్లడం. ఓ పాతిక నిమిషాల ప్రయాణం. ఆ నదిలోనే కాపురం ఉండే డాల్ఫిన్ల గుంపు ఒకటుంది. నాలుగేళ్లలో నాకు రెండుసార్లు కనిపించాయి. ఫెర్రీ దిగాక పైన్ చెట్ల మధ్య ఇసుక నేల, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది. ఇంకాస్త ముందుకెళ్తే కొంపోర్తా. అక్కడ వరిచేలు!

మాది తణుకు దగ్గర పల్లె. వరిచేను మాకు వింతేమీ కాదు. అయినా మొదటిసారి మే నెలలో ఆ నీళ్లు పెట్టిన మడులు చూడగానే వెనక కూర్చున్న మా ఆవిడ భుజం మీద తట్టి, "ఏవండీ, ఒక్క నిమిషం ఆపండి" అంది. దిగి గట్టు దాకా వెళ్లి నిలబడింది. బురద వాసన కూడా మన దగ్గరిదే. తేడా కొంగల్లో ఉంది. ఇక్కడివి మనిషి నడుం దాటే ఎత్తుంటాయి, తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్క అంచులు, ఎర్రటి ముక్కు. కరెంటు స్తంభాల మీద ఎద్దుబండి చక్రమంత గూళ్లు కట్టుకుంటాయి. వీటికి కూత లేదు, ముక్కు రెండు భాగాలనూ టకటకా కొట్టుకుని మాట్లాడుకుంటాయి. ఇంజిన్ ఆపితేనే ఆ చప్పుడు వినపడుతుంది. ఇక్కడి బియ్యం పొట్టిగా, లావుగా ఉంటాయి, కరొలీను అంటారు. పులిహోరకు పనికిరావు గానీ పరమాన్నానికి ఇంతకన్నా మంచివి దొరకవు. మా ఇంట్లో పండగ బియ్యం అవే.

అక్కడి నుంచి కిందికి సీనెష్ దాటేదాకా ఫ్యాక్టరీలు, పైపులు, ఓడరేవు, చెప్పుకోవడానికేమీ లేదు. పోర్తు కోవు దగ్గర మళ్లీ సముద్రం పక్కకు వస్తాం. మిల్‌ఫోంతెష్, ఆ తర్వాత కాబు సర్దావ్ లైట్‌హౌస్. అక్కడ బండి ఆపి అంచు దాకా నడిచి (అంచు మీదికి కాదు, కంచె లాంటిదేమీ ఉండదు) కిందికి చూస్తే సముద్రం మధ్యలో లేచిన రాతి స్తంభాల మీద ఇవే కొంగలు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. అలలు తగిలే కొండచరియల మీద తెల్ల కొంగలు గూడు కట్టుకునేది ప్రపంచంలో ఈ తీరంలోనే అంటారు. మార్చి నుంచి మే దాకా వెళ్తే పిల్లలకు మేత పెట్టడం కూడా చూడొచ్చు.

ఈ చుట్టుపక్కలే, ఒదెమీరా ప్రాంతంలో, పొలాలన్నీ పాలిథిన్ గుడారాల కింద ఉంటాయి. లోపల రాస్ప్‌బెర్రీలు. కోసేది ఎక్కువగా మన పంజాబీలు, నేపాలీలు, బంగ్లాదేశీలు. సావ్ తెయోతోనియు అనే చిన్న ఊళ్లో కిరాణా కొట్టుకెళ్తే కందిపప్పు, పచ్చిమిర్చి, అల్లం టీ అన్నీ ఉంటాయి. తెలుగు మాట మాత్రం నాకింకా వినపడలేదు. టూరిస్టు ఫొటోల్లో ఈ గుడారాలు కనిపించవు కాబట్టి చెప్తున్నాను.

తీరం వదిలి లోపలికి తిరిగితే అలెంతేజు. నున్నటి గుట్టలు, తెల్ల సున్నం కొట్టి అడుగున నీలమో పసుపో పట్టీ వేసిన ఇళ్లు, ఇక ఎటు చూసినా బెండు చెట్లు. సీసా బిరడాలు చేసే బెండు ఈ చెట్టు బెరడే. ప్రపంచంలో తయారయ్యే బెండులో దాదాపు సగం పోర్చుగల్‌దే. బెరడు ఒలిచిన మొదట్లో మాను ఇటుక రంగులో, చొక్కా విప్పిన మనిషిలా ఉంటుంది. పోనుపోను నల్లబడుతుంది. ఒలిచినచోట తెల్ల రంగుతో ఒక అంకె రాస్తారు. చాన్నాళ్లు అవి చెట్ల లెక్క అనుకున్నాను. ఒకసారి టైరులో గాలి తగ్గి ఒక చెట్టు కింద కూర్చుంటే, గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన వచ్చి, నాకొచ్చే అరకొర పోర్చుగీసులోనే అర్థమయ్యేలా చెప్పాడు. 3 అంటే 2023లో ఒలిచారని. తొమ్మిదేళ్లు ఆగాలి, మళ్లీ ఆ చెట్టు జోలికి వెళ్లేది 2032లోనే. మొదటి ఒలుపుకైతే చెట్టుకు పాతికేళ్లు రావాలి. అప్పటి నుంచి బండి నెమ్మదిగా పోనిస్తూ అంకెలు చదవడం మాకు అలవాటైపోయింది. ఎనభై మీద పోతే అంకె కనపడదు.

ఇక అందరూ అడిగే ఎన్2 రోడ్డు సంగతి. ఉత్తరాన షావెష్ నుంచి దక్షిణాన ఫారో దాకా, దేశాన్ని నిలువునా చీలుస్తూ 739 కిలోమీటర్లు. పాస్‌పోర్ట్ లాంటి చిన్న పుస్తకం కొనుక్కుని ఊరూరా ముద్ర వేయించుకుంటారు. నా అభిప్రాయం చెప్తే కొందరికి నచ్చదు: ఏకబిగిన మూడు రోజుల్లో చేస్తే ఇది ముద్రల కోసం పరుగే. సాంతా కొంబా దావ్ తర్వాత పాత రోడ్డును పెద్ద రోడ్డు మింగేసింది, లారీల వెనక పొగ పీల్చుకుంటూ పోవాలి. మధ్యలో అబ్రాంతెష్ దాటాక దక్షిణాన, గీత గీసినట్టుండే రోడ్డు మీద నిద్రొస్తుంది. నేను మూడు విడతలుగా పూర్తి చేశాను. మళ్లీ మళ్లీ వెళ్లేది ఒక్క చివరి ముక్కకే, అల్‌మొదోవర్ నుంచి సావ్ బ్రాష్ దాకా. 365 మలుపులు అంటారు, నేను లెక్కపెట్టలేదు. మలుపు మలుపుకీ చెయ్యి, కాలు, కన్ను ఒక లయలో పడతాయి. ఏప్రిల్‌లో కొండ నిండా పెద్ద తెల్ల పూలు, వాటి ఆకుల జిగురు ఎండకు కరిగి, సాంబ్రాణికి దగ్గరగా ఒక వాసన. హెల్మెట్ అద్దం ఎత్తుకుని పోవాలి అక్కడ.

దౌరో నది పక్కన రెగ్వా నుంచి పిన్యావ్ దాకా పోయే ఎన్222ను 2015లో ఒక కార్ల అద్దె కంపెనీ ప్రపంచంలోకెల్లా మంచి డ్రైవింగ్ రోడ్డుగా ప్రకటించింది. 27 కిలోమీటర్లు. బాగుంటుంది, కాదనను. కానీ ఆదివారం వెళ్తే ముందు టూరిస్టు బస్సు, వెనక టూరిస్టు బస్సు. నది పక్కన సాఫీగా సాగే రోడ్డు కాబట్టి ద్రాక్షతోటలు మెడ పైకెత్తి చూడాల్సిందే. పిన్యావ్‌లో ఆగకుండా కజాల్ ద లోయ్‌వుష్ వైపు కొండెక్కండి. 1756లోనే హద్దులు గీసిన వైన్ ప్రాంతం అది. పలకరాయి పేర్చి కట్టిన గోడలు మెట్లు మెట్లుగా నది దాకా దిగడం, ఆ గోడల వెనక ఎంతమంది వెన్ను విరిగి ఉంటుందో, పై నుంచే తెలుస్తుంది.

కాలం సంగతి తప్పనిసరిగా చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో అలెంతేజులో నలభై దాటుతుంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లమే కదా అనుకుని ఒకసారి జాకెట్ వేసుకుని మధ్యాహ్నం బయల్దేరాను. గంటకు బుర్ర పనిచేయడం మానేసింది. అదే రోజు తీరంలో పాతికే ఉంటుంది, కానీ గాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉత్తరం నుంచి వీచే ఈ గాలిని నొర్తాదా అంటారు. కిందికి వెళ్తే వెనక నుంచి తోస్తుంది, పైకి వస్తుంటే ఛాతీ మీద గుద్దుతుంది. అందుకే తిరుగు ప్రయాణం పొద్దున్నే పెట్టుకుంటాం.

యూకలిప్టస్ అడవులున్న మధ్య ప్రాంతానికి మంటల హెచ్చరిక ఉన్న రోజుల్లో అస్సలు వెళ్లను. 2017 జూన్ 17న పెద్రోగావ్ గ్రాంద్ దగ్గర చెలరేగిన మంటల్లో 66 మంది చనిపోయారు. వాళ్లలో 47 మంది ఒక్క రోడ్డు మీదే, ఎన్236-1 మీద, పారిపోతూ పొగలో దారి తెలియక. ఆ రోడ్డు మీద ఇప్పుడు స్మారకం ఉంది. మేము ఆగి, ఇంజిన్ ఆపి, కాసేపుండి వచ్చాం. రోడ్డు మామూలు రోడ్డే, రెండు పక్కలా చెట్లు.

నా కింద పడ్డ కథ చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. ఎవొరాలో, నవంబరు, చిన్న జల్లు. ఊళ్లలో పాత వీధులన్నీ రాళ్లు పరిచినవే, వందల ఏళ్ల చక్రాలకు అరిగి అద్దంలా ఉంటాయి. ఒక కాఫీ కొట్టు ముందు ఆపబోతూ ముందు బ్రేకు కాస్త నొక్కానో లేదో, బండి పక్కకు పడుకుంది. స్పీడు మహా అయితే పది. బయట కూర్చున్న ముగ్గురు ముసలాళ్లు లేచొచ్చి ముందు బండిని లేపారు, తర్వాత నన్ను. క్లచ్ లీవర్ విరిగింది. దగ్గర్లోని ఒక మెకానిక్ ఏదో అతికించి ఇంటికి చేరేలా చేశాడు. అసలు లీవర్ కోసం ఒక సర్వీస్ సెంటర్ నన్ను ఐదు వారాలు తిప్పింది, పేరెందుకులెండి. అప్పటి నుంచి సీటు కింద రెండు స్పేర్ లీవర్లు పెట్టుకు తిరుగుతున్నాను. తడి రాళ్ల మీద వెనక బ్రేకే, అదీ మెత్తగా.

ఊరి మొదట్లో ఒంటరిగా ఒక సిగ్నల్ లైటు కనిపిస్తే అది కూడలి కోసం కాదు. మీరు యాభై దాటితే అదే ఎర్రగా మారుతుంది. మీతోపాటు వెనకున్న ఊరివాళ్లందరూ ఆగాలి, వాళ్లు చూసే చూపుకు జరిమానా నయం.

ఖర్చు: పెట్రోలు లీటరు ఒకటి ముప్పావు యూరో అటూ ఇటూ. నా 350 ముప్పై దాటి ఇస్తుంది. హైవే టోల్ బైకులకు కారుతో సమానం, వియా వెర్ద్ ట్యాగ్ (మన ఫాస్టాగ్ లాంటిది) పెట్టించుకుంటే 30 శాతం తగ్గుతుంది. 2025 జనవరి నుంచి దక్షిణ తీరం అల్గార్వ్‌లోని ఏ22, లోపలి ఏ23, ఏ24, ఏ25 లాంటి వాటికి టోల్ తీసేశారు. కానీ హైవేలు ఎక్కితే ఇక్కడిదాకా బండి మీద రావడం దేనికి?

భోజనం దగ్గర ఒక జాగ్రత్త. కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. మర్యాద అనుకోకండి, తింటే బిల్లులో వేస్తారు, ముట్టకపోతే వెయ్యరు. మా ఆవిడకు శనివారం నీచు పనికిరాదు. 'కాల్దు వెర్ద్' అని ఆకుకూర సూప్ చెప్తే అందులో తేలుతూ సాసేజ్ ముక్క వచ్చింది. ఇప్పుడు ఆర్డరు ముందే అడుగుతుంది. లేకపోతే డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం, ఆవకాయ. మొన్న సెప్టెంబరులో కొంపోర్తా గట్టు మీద కూర్చుని అదే తిన్నాం. చేను కోతకొచ్చి ఉంది. మిషను ఒక పక్క నుంచి కోసుకుంటూ వస్తుంటే దాని వెనకే పాతిక కొంగలు వరసగా, కూలికి వచ్చినట్టు నడుస్తున్నాయి. "మన ఊళ్లో ట్రాక్టర్ వెనక కూడా ఇంతే కదండీ" అంది. తిరుగు ఫెర్రీకి ఇంకా గంటన్నర ఉంది, లేవబుద్ధి కాలేదు.